వేదిక ఎక్కనంటున్న కుర్రవాడు

ప్రశ్న:

అయ్యా, మాది చిన్న స్వచ్ఛంద సంఘం. నేను కార్యదర్శిని. ధైర్యం చూపిన పిల్లలను, తోటివారిపై దయ చూపిన పిల్లలను ఏటా సత్కరించాలని ఈ సంవత్సరం తీర్మానించుకున్నాం. మొదటి బహుమతి, రెండో బహుమతి, నగదు, జ్ఞాపికలు, ముఖ్య అతిథి, అన్నీ అనుకున్నాం. రెండు పేర్లు వచ్చాయి. ఒకరు పదిహేనేళ్ల అబ్బాయి. మూడు నెలల క్రితం పాత క్వారీ గుంతలో ఇద్దరు పిల్లలు జారిపడితే, దూకి ఆరేళ్ల పాపను ఒడ్డుకు చేర్చాడు. రెండో పిల్లవాడు దక్కలేదు. గాజు పెంకు కోసుకుని ఈ అబ్బాయి పాదానికి ఏడు కుట్లు పడ్డాయి. రెండో పేరు పదమూడేళ్ల అమ్మాయిది. ప్రమాదంలో నడుము దెబ్బతిని ఎనిమిది నెలలు మంచం మీదే ఉన్న తన స్నేహితురాలి ఇంటికి రోజూ సాయంత్రం వెళ్లి పాఠాలు చదివి వినిపించింది.

మొదటి బహుమతి ఎవరికన్నదానిపై కమిటీ రెండుగా చీలింది. ప్రాణం కాపాడటానికీ పాఠం చదవడానికీ పోలికేమిటని కొందరంటున్నారు. ఇంతలో ఆ అబ్బాయి వేదిక ఎక్కనంటున్నాడు. సిగ్గు కాబోలు. తండ్రి మాత్రం తప్పకుండా తీసుకొస్తానని మాట ఇచ్చారు. మా కోశాధికారిది ఇంకో అనుమానం: ఇలా బహుమతులిస్తూ పోతే పిల్లలు బహుమతి కోసమే మంచిపనులు చేయడం నేర్చుకోరా అని. మీరేమంటారు?

సమాధానం:

కార్యదర్శి గారికి,

మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. నేను ఆగిపోయింది మాత్రం ఏ ప్రశ్నా లేని చోట. "రెండో పిల్లవాడు దక్కలేదు." మూడే మాటలు. అవి రాసి, వెంటనే మీరు కుట్ల సంగతికి వెళ్లిపోయారు. ఆ అబ్బాయి అంత తేలిగ్గా అక్కడి నుంచి కదిలి ఉండడని నా అనుమానం.

మీరు సిగ్గు అనుకుంటున్నారు. కావచ్చు, పదిహేనేళ్ల వయసులో సిగ్గు సహజమే. కానీ ఒక్కసారి అతని కుర్చీలో కూర్చుని చూడండి. మైకులో ఎవరో "ప్రాణదాత" అంటారు. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు వినబడే దూరంలోనే ఇంకో ఇల్లుంది, మూడు నెలలుగా ఆ ఇంట్లో ఒక పిల్లవాడి చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఈ కుర్రవాడు రాత్రిళ్లు ఏం లెక్కపెట్టుకుంటున్నాడో మీకూ నాకూ తెలియదు. ముందు ఏ చేయి దొరికింది, రెండోసారి మునగడానికి ఎంతసేపు ఆగాడు, పాపను ఒడ్డున వదిలి మళ్లీ దూకబోతే ఎవరు పట్టుకుని ఆపారు. ఏళ్ల తరబడి ఇదే పని చేసే అగ్నిమాపక సిబ్బంది కూడా ఇలాంటి లెక్కల దగ్గర నలిగిపోతారు. ఇతనికి ఇంకా మీసకట్టు కూడా సరిగా రాలేదు.

కాబట్టి జ్ఞాపికలకు ఆర్డరు ఇచ్చేముందు ఒక పని చేయండి. అతనికి చనువున్న పెద్దవాళ్లు ఎవరో కనుక్కోండి. మామయ్యో, ఆటల మాస్టారో, ఎవరైనా సరే. కమిటీ నుంచి ఐదుగురు కలిసి వెళ్లవద్దు. ఆ ఒక్కరే వెళ్లి, అతని పక్కన కూర్చుని, ఉన్నమాట అడగాలి: "నీ గురించి పదిమందికీ చెప్పాలని సంఘంవాళ్లు అనుకుంటున్నారు. నీకు ఇష్టమేనా? వద్దంటే ఎవరూ ఏమీ అనుకోరు." అడిగాక మాట్లాడకుండా ఉండాలి. అదే కష్టం. మౌనం మొదలవగానే "నువ్వు ఒక ప్రాణమైనా నిలబెట్టావు కదా" అనేయాలని నాలుక దురద పెడుతుంది. ఆ మాట అతను ఈపాటికి నలభై మంది నోట విని ఉంటాడు. దానికి అతని దగ్గర జవాబు లేకనే వేదిక వద్దంటున్నాడేమో.

నిద్ర పడుతోందా, బడికి మామూలుగా వెళుతున్నాడా, నీళ్ల మాట ఎత్తితే బిగుసుకుపోతున్నాడా అన్నది కూడా ఆ పెద్దమనిషి గమనించాలి. మూడు నెలలయ్యాక కూడా కలలో ఉలిక్కిపడుతుంటే అతన్ని తీసుకెళ్లాల్సింది మానసిక వైద్యుల దగ్గరికి, మీ సభకు కాదు. తండ్రిగారితో వేరుగా మాట్లాడండి. కొడుకును చూసి ఆయన గర్వపడటంలో తప్పేమీ లేదు. కానీ "తప్పకుండా తీసుకొస్తాను" అనే మాట సరుకు గురించి చెప్పే మాటలా ఉంది. అబ్బాయి వద్దంటే వద్దనే. సరేనంటే, సభకు ముందే ఆ రెండో ఇంటికి మీరు స్వయంగా వెళ్లండి. ఆహ్వానపత్రం పట్టుకుని వెళ్లవద్దు. ఇలా అనుకుంటున్నాం అని వాళ్లకు చెప్పి, వాళ్లేమంటారో విని రండి. వాళ్లు గోడ మీద పోస్టరు చూసి తెలుసుకునే పరిస్థితి మాత్రం రానివ్వకండి.

సత్కారం ఒక్కోసారి మనిషిని ఎలా చుట్టుముడుతుందో చెప్పడానికి పాత కథ ఒకటుంది. 1838 సెప్టెంబరు 7 తెల్లవారుజామున ఇంగ్లండు ఈశాన్య తీరంలో ఫార్న్ దీవుల దగ్గర ఫోర్ఫార్‌షైర్ అనే ఆవిరి ఓడ రాళ్లకు కొట్టుకుని విరిగింది. అక్కడి దీపస్తంభం కాపలాదారు కూతురు గ్రేస్ డార్లింగ్‌కు అప్పటికి ఇరవై రెండేళ్లు. తుపానులో తండ్రితో కలిసి చిన్న పడవ వేసుకుని రాళ్ల దాకా వెళ్లింది. తండ్రి రాతి మీదికి దిగితే, అలలకు పడవ ముక్కలైపోకుండా ఒక్కతే తెడ్లు వేస్తూ నిలబెట్టింది. రెండు విడతల్లో తొమ్మిది మందిని దీపస్తంభానికి చేర్చారు. పతకాలు వచ్చాయి, విక్టోరియా రాణి డబ్బు పంపింది. అక్కడితో ఆగితే బాగుండేది. బొమ్మ గీస్తామని చిత్రకారులు ఒకరి తర్వాత ఒకరు దిగారు. ఆమె జుట్టు పాయ కత్తిరించి పంపమని ముక్కూమొహం తెలియనివాళ్లు ఉత్తరాలు రాశారు. చూసి పోదామని పడవల్లో జనం. నాలుగేళ్ల తర్వాత, ఇరవై ఆరేళ్లకు, క్షయతో పోయింది. కీర్తే ఆమెను చంపిందని నేననను, ఆ రోజుల్లో క్షయ ఎవరినీ వదల్లేదు. కానీ మిగిలిన ఆ నాలుగేళ్లూ ఆమెను ఆమె ఇంట్లో ఉండనివ్వనిది ఆమెను మెచ్చుకున్నవాళ్లే.

ఇక మొదటి బహుమతి తగువు. దీన్ని తేల్చనవసరం లేదు, తీసేయండి. పరుగు పందెంలో మొదటివాళ్లు, రెండోవాళ్లు ఉంటారు, ఎందుకంటే వాళ్లంతా ఒకే గీత దగ్గర బయల్దేరారు. ఈ ఇద్దరు పిల్లలూ ఏ గీత దగ్గరా కలవలేదు. మీ కమిటీకి ఇంకో చిక్కు పెడతాను. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దగ్గర మైఖావ్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లిషు పిల్ల అమ్మానాన్నలతో ఉంది. సముద్రం నురగలు కక్కుతూ వింతగా కదలడం చూసింది. రెండు వారాల క్రితమే భూగోళం పాఠంలో సునామీ గురించి విన్నది. ఇది అదేనని అరిచింది. తల్లి మొదట నమ్మలేదు. పిల్ల ఊరుకోలేదు. చివరికి తండ్రి హోటల్ కాపలావాళ్లకు చెబితే తీరం ఖాళీ చేయించారు. దాదాపు వందమంది బతికారు. ఆ పిల్ల నీళ్లలోకి దూకలేదు, పెద్దవాళ్లు విసుక్కుంటున్నా నోరు మూసుకోలేదు, అంతే. దీన్ని మీరు ధైర్యం గడిలో వేస్తారా, తెలివి గడిలోనా, పాఠం శ్రద్ధగా విన్నందుకు వేరే గడి గీస్తారా?

రెండో అమ్మాయి విషయానికి వస్తాను. మీ కమిటీలో ఎవరికీ అభ్యంతరం కనిపించని పేరు ఇదే. నాకు మాత్రం దీని గురించే ఎక్కువ భయం. ఎందుకో చెప్పాలంటే నా తప్పు ఒకటి బయటపెట్టుకోవాలి.

చాలా ఏళ్ల క్రితం నేను పాఠాలు చెప్పే రోజుల్లో, ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు దాచుకున్న చిల్లరంతా తెచ్చి పక్క బెంచీవాడి పరీక్ష ఫీజు కట్టాడు. గుమాస్తా నాకు చెప్పాడు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. మర్నాడు ఉదయం ప్రార్థన సమయంలో ఆ కుర్రవాణ్ణి ముందుకు పిలిచాను. అక్కడితో ఆగక రెండోవాణ్ణి కూడా పిలిచి పక్కన నిలబెట్టాను, స్నేహానికి నిదర్శనమంటూ ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆరు వందల మంది చప్పట్లు కొట్టారు. ఇచ్చినవాడు నవ్వుతున్నాడు. పుచ్చుకున్నవాడు కుడికాలి బొటనవేలితో నేల మీద ఒక గీత గీస్తూ నిలబడ్డాడు. అదే గీత, మళ్లీ మళ్లీ, ఇసుక లేచి గుంట పడేదాకా. తలెత్తలేదు. ఆ తర్వాతి వారం నుంచి వాళ్లిద్దరూ వేర్వేరు బెంచీల్లో కూర్చున్నారు. పుచ్చుకున్నవాడి తండ్రి వచ్చి ఫీజు డబ్బులు, చిల్లరతో సహా, నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఒక్క మాట అనలేదు. ఎవరికీ తెలియకుండా వాడు చేసిన మంచిపనిని నేను మైకులో చెప్పి చెడగొట్టాను.

దయలో రెండో మనిషి ఎప్పుడూ ఉంటాడు. సాహసం గురించి చెప్పేటప్పుడు నీళ్లు, నిప్పు, గోడ ఎదురుగా ఉంటాయి. వాటికి పరువు లేదు. దయ గురించి చెప్పేటప్పుడు ఎదురుగా ఉండేది మంచం మీద పడుకున్న పిల్ల. "లేవలేని స్నేహితురాలికి" అని మీరు చదివే ప్రతి విశేషణమూ ఆమెకు తగులుతుంది. ఆమె ఇప్పుడు లేచి బడికి వస్తుంటే మరీ. అందుకని ఈ అమ్మాయి ఒప్పుకుంటే సరిపోదు, ఆ స్నేహితురాలిని కూడా అడగండి, తల్లిదండ్రులను అడిగి సరిపెట్టుకోకుండా ఆమెనే అడగండి. ఆ ఎనిమిది నెలల గురించి చెప్పాల్సినవాళ్లు ఎవరైనా ఉంటే ఆమే. చెప్పాలనిపిస్తే తన మాటల్లో చెబుతుంది. బహుశా మీరు ఊహించని సంగతులు వస్తాయి: లెక్కల పాఠం ఇద్దరికీ అర్థంకాక పుస్తకం మూసేసిన సాయంత్రాలు, ఈమె తప్పులు చదివితే మంచం మీది నుంచి ఆమె దిద్దిన సందర్భాలు. అప్పుడు అది ఇద్దరు స్నేహితుల కథ అవుతుంది. చెప్పడం ఇష్టం లేదంటే సభ సంగతి మరచిపోయి ఆ అమ్మాయికి చేత్తో ఒక ఉత్తరం రాసి పంపండి.

ఉత్తరం రాసినా, ప్రశంసాపత్రం అచ్చువేసినా, ఒక్క విన్నపం. మన ప్రశంసాపత్రాలు చదివితే ఎవరి గురించి రాశారో పేరు చూస్తే తప్ప తెలియదు. మానవతామూర్తి, ఆణిముత్యం, ఆదర్శప్రాయురాలు, సమాజానికి వెలుగుదివ్వె. పేరు మార్చి ఇంకొకరికిచ్చినా అతికినట్టు సరిపోతుంది. వాటినన్నిటినీ కొట్టేసి ఏం జరిగిందో రాయండి. "ఎనిమిది నెలలు, బడి ఉన్న ప్రతి సాయంత్రం, నువ్వు వెళ్లి పుస్తకం తెరిచావు. పరీక్షల ముందు రోజు కూడా వెళ్లావు." ఇది చాలు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి పెట్టె సర్దుకుంటూ ఆ కాగితం చూస్తే, అందులో ఉన్నది తానేనని గుర్తుపట్టాలి కదా.

మీ కోశాధికారి అనుమానంలో సగం నిజముంది, ఆయన్ను తేలిగ్గా తీసేయకండి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను తీసుకున్నారు. కొందరికి ముందే చెప్పారు, గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న పత్రం ఇస్తామని. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ లేదు. కొన్ని రోజుల తర్వాత చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లలో దాదాపు సగం సేపే గీస్తున్నారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు. 2008లో వార్నెకెన్, టోమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు ఇరవై నెలల పసివాళ్లతో ఇంకో పరీక్ష చేశారు. ఎవరి చేతిలోంచో వస్తువు జారితే అందివ్వడం ఆ వయసు పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. అందించినప్పుడల్లా ఆటవస్తువు బహుమతిగా ఇచ్చిన పిల్లలు, తర్వాత బహుమతి లేనప్పుడు సాయం చేయడం తగ్గించారు. మాటతో మెచ్చుకున్న పిల్లలు తగ్గించలేదు.

పెద్దవాళ్లు మాత్రం ఏం తక్కువ? 1774లో లండన్‌లో ఇద్దరు వైద్యులు ఒక సంఘం పెట్టారు, అదే తర్వాత రాయల్ హ్యూమేన్ సొసైటీ అయింది. నీట మునిగినవారిని బతికించడానికి ప్రయత్నించినవారికి డబ్బు ఇస్తామన్నారు. కొద్దికాలానికే అక్కడి బికారులు ఉపాయం కనిపెట్టారు. ఒకడు మునిగినట్టు నటించడం, ఒకడు లాగడం, వచ్చింది ఇద్దరూ పంచుకోవడం. క్రమంగా డబ్బు పోయి పతకాలు, పత్రాలు మిగిలాయి.

అందుకే "ఈ ఏడాది ధైర్యానికి ఇంత, దయకు ఇంత" అని ముందుగా ప్రకటించే ఆలోచన మానుకోండి. జరిగిపోయినదాన్ని గుర్తించండి, జరగబోయేదానికి ధర కట్టకండి.

అయితే డబ్బుకు ఇందులో చోటే లేదా అంటే, ఉంది, వేరే చోట. 1904 జనవరి 25న అమెరికాలో పెన్సిల్వేనియాలోని హార్విక్ బొగ్గుగనిలో పేలుడు జరిగి 179 మంది పోయారు, వాళ్లను కాపాడదామని లోపలికి దిగిన మరో ఇద్దరూ చనిపోయారు. ఆ ఇద్దరి సంగతి విని ఉక్కు పరిశ్రమతో కోటీశ్వరుడైన ఆండ్రూ కార్నెగీ అదే ఏడాది 50 లక్షల డాలర్లతో ఒక నిధి పెట్టాడు. ఈ నిధి వల్ల వీరులు పుట్టుకొస్తారని ఆయన ఆశించలేదు, వీరత్వం అప్పటికప్పుడు పుట్టేదని ఆయనకు తెలుసు. ఇతరులను కాపాడబోయి దెబ్బతిన్నవాడు, వాడిమీద ఆధారపడినవాళ్లు ఆ కారణంగా డబ్బుకు ఇబ్బందిపడకూడదన్నదే ఆయన ఉద్దేశం. భారత బాలల సంక్షేమ మండలి 1957లో మొదలుపెట్టిన జాతీయ సాహస పురస్కారాల్లో కూడా నాకు పతకం కన్నా నచ్చింది, ఎంపికైన పిల్లల చదువుకు చేస్తూ వచ్చిన సాయం.

కార్నెగీ నిధి నియమాల్లో ఇంకోటి మీ కమిటీకి చదివి వినిపించండి. ముందున్న అపాయమేమిటో పూర్తిగా గ్రహించే వయసు లేనివారిని ఆ నిధి పరిశీలించదు. కఠినంగా ఉంది గానీ దాని వెనక భయం అర్థమవుతుంది. మీ సభలో ముందు వరుసల్లో పదేళ్ల పిల్లలు కూర్చుంటారు. "ప్రాణాలకు తెగించి దూకాడు" అని మీ ముఖ్య అతిథి గొంతు పెంచి అన్నాడనుకోండి, వాళ్లు ఇంటికి తీసుకెళ్లేది ఆ దూకడాన్నే. మునుగుతున్న మనిషి దొరికినదాన్ని పట్టుకుని కిందికి లాగుతాడు, కాపాడబోయినవాళ్లు మునిగిపోయే సంఘటనలు అందుకే అన్ని. ముందు కేక వేయాలి, తర్వాత కర్రో తువ్వాలో అందించాలి, తాడో ఖాళీ డబ్బానో విసరాలి. దిగడం అన్నిటికన్నా ఆఖరిది, అదీ ఈత వచ్చి, తేలే వస్తువేదైనా చేతిలో ఉన్నవాళ్లకు. మీ అబ్బాయి దూకేముందు ఎవరినైనా కేకేశాడా? ఈత ఎక్కడ నేర్చుకున్నాడు? పాపను వెనక నుంచి పట్టుకున్నాడా? ఇవి ఎవరైనా అడిగారా? అతను మాట్లాడటానికి ఇష్టపడితే, చప్పట్ల కన్నా ఈ వివరాలు ఆ హాల్లోని పిల్లలకు ఉపయోగపడతాయి.

ఇంకొకటి, ఇది మీకు ఇబ్బంది కలిగించవచ్చు. పాత క్వారీ గుంత అన్నారు. దానికి కంచె ఎవరు వేయాలి? వేశారా? ఇప్పటికైనా? పదిహేనేళ్లవాడు దూకాల్సిన అవసరం ఎందుకొచ్చిందని ఏ సన్మాన సభలోనూ ఎవరూ అడగరు, ఒక్కోసారి ఆ జవాబు చెప్పాల్సిన మనిషే ముఖ్య అతిథిగా కూర్చుని ఉంటాడు కాబట్టి. మీరు అనుకున్న నగదు, జ్ఞాపికల ఖర్చు కలిపితే ఆ గుంత గట్టున ఒక పొడవాటి వెదురు, మందపాటి తాడు, గాలి నింపిన ట్యూబు పెట్టించడానికి సరిపోతుందనుకుంటాను. కంచె కోసం అర్జీ రాయడానికి ఖర్చే లేదు. ఆ అబ్బాయికి చూపించి అడగండి, తాడు ఏ వైపు కట్టాలో అతనికి మీకన్నా బాగా తెలుసు. వేదిక వద్దన్నవాడు దీనికి వస్తాడేమో.

ఆ పాదానికి ఏడు కుట్లు పడ్డాయని రాశారు. ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారో రాయలేదు. ముందు అది కనుక్కోండి, తండ్రిగారు పరవాలేదన్నా సరే, రసీదు అడిగి తీసుకోండి.